'కాల్ చేశాడు'లో దాగిన ఇంగ్లీషు భూతకాలం

"నాలుగుసార్లు కాల్ చేశాడు, నేను లిఫ్ట్ చేయలేదు." తెలుగు ఇళ్లలో, ఆఫీసుల్లో, బస్సుల్లో రోజూ వినిపించే మాటే ఇది. ఇందులో రెండు ఇంగ్లీషు క్రియలు దొర్లాయని నొచ్చుకునేవారు ఉంటారు. ఆ సంగతి అటుంచి, అవి ఏ రూపంలో దొర్లాయో చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. చెబుతున్నది జరిగిపోయిన విషయమే అయినా 'కాల్డ్ చేశాడు' అని ఎవరూ అనరు. 'లిఫ్టెడ్ చేయలేదు' అంటే పక్కవాళ్లు నవ్వుతారు. ఇంగ్లీషు క్రియ మొదటి రూపంలోనే ఉండిపోయింది. కాలం, పురుష, అవును కాదులు అన్నీ 'చేయు' అనే సహాయక్రియ నెత్తిన పడ్డాయి. బడికి వెళ్లని వాళ్లు కూడా ఈ పని తప్పు లేకుండా చేస్తారు. అదే మనిషి ఇంగ్లీషులో మాట్లాడబోయి 'డిడ్ నాట్ కాల్డ్' అంటాడు. నోటికి వచ్చిన విద్య పలక మీదికి వచ్చేసరికి ఎందుకు తప్పిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు రూపం సంగతి. ఇంగ్లీషు రెగ్యులర్ క్రియకు భూతకాలం రావాలంటే చివర 'ఈ', 'డీ' అనే రెండు అక్షరాలు చేరితే చాలు. సోదాలు చేస్తూ పత్రికలకెక్కే ఈడీకీ దీనికీ సంబంధం లేదు కానీ, పలకడానికి వీలుగా దీన్ని కూడా ఈడీ అనే అందాం. 'వాక్' అనే క్రియను తీసుకుంటే నేను, నువ్వు, ఆయన, ఆవిడ, వాళ్లు, అవి, ఎవరు నడిచినా 'వాక్ట్' ఒక్కటే. తెలుగులో అదే పనికి నడిచాను, నడిచాము, నడిచావు, నడిచారు, నడిచాడు, నడిచింది, నడిచాయి అని ఏడు రూపాలు కావాలి. రూపాల లెక్కన చూస్తే తెలుగు పిల్లవాడు ఇంగ్లీషు భూతకాలాన్ని ఒక పూటలో నేర్చుకోవాలి. అలా జరగడం లేదంటే కష్టం రూపంలో లేదన్నమాట.

ఈ ఈడీ పుట్టుకలోనే తెలుగువారికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. ఇంగ్లీషు, జర్మన్, డచ్ వంటి భాషలన్నీ ఒక కుటుంబానివి. ఆ కుటుంబంలో మొదట భూతకాలం క్రియ కడుపులోని అచ్చును మార్చడం ద్వారా ఏర్పడేది. 'సింగ్' 'సాంగ్' అయినట్టు, 'రైట్' 'రోట్' అయినట్టు. ఇతర పదాల నుంచి కొత్తగా తయారైన క్రియలకు ఈ మార్పు కుదరలేదు. అప్పుడు వాటి పక్కన 'చేయు' అనే అర్థమున్న క్రియ భూతకాల రూపాన్ని చేర్చారని, అది క్రమంగా అరిగి ప్రత్యయమైందని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. దీనిపై వాదాలు ఇంకా ముగియలేదు. అయినా నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే క్రైస్తవ మతాచార్యుడు బైబిలును అనువదించిన, ఇదే కుటుంబానికి చెందిన గోతిక్ భాషలో బహువచన రూపాలు ఈ అభిప్రాయానికి గట్టి ఆసరా. 'మేము లేపనం పూశాము' అనడానికి ఆ భాషలో 'సల్బోదేదుమ్' అనే రూపం ఉంది. చివరనున్న 'దేదుమ్' 'చేశాము' అనే మాటను గుర్తు చేస్తుంది. ఈ ఊహ నిజమైతే 'వాక్ట్' అనే మాటకు మూలార్థం 'వాక్ చేశాడు'. తెలుగువాళ్లు ఈనాడు 'కాల్ చేశాడు', 'డౌన్‌లోడ్ చేశాడు' అంటూ చేస్తున్న పనినే ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు రెండు వేల ఏళ్ల కిందట చేశారు. అక్కడ 'చేశాడు' అరిగి క్రియకు అతుక్కుపోయింది, ఇక్కడ ఇంకా విడిగా ఉంది. అంతే తేడా.

కొత్తగా వచ్చిన ఈ పద్ధతి పాతదాన్ని మెల్లగా మింగుతూ వచ్చింది. 'హెల్ప్' అనే క్రియకు ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాలం ఉండేది. అది పోయి 'హెల్ప్ట్' నిలిచింది. ప్రాచీన ఇంగ్లీషు నుంచి 177 ఇర్రెగ్యులర్ క్రియలను ఎంచుకుని వాటి గతి ఏమైందో లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2007లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మధ్యయుగపు ఇంగ్లీషు నాటికి వాటిలో 145, నేటికి 98 మాత్రమే పాత పద్ధతిలో మిగిలాయి. రోజూ నోట్లో నానే క్రియ మొండిగా నిలబడుతుంది, అరుదుగా వాడేది ఈడీకి లొంగిపోతుంది. అందుకే ఇంగ్లీషులో అతి ఎక్కువగా వాడే క్రియలు, ఉండటం, చేయడం, అనడం, వెళ్లడం, తెలియడం వంటివన్నీ ఇప్పటికీ ఇర్రెగ్యులరే. కొత్తగా పుట్టే క్రియ మాత్రం మారు మాట లేకుండా ఈడీ తగిలించుకుంటుంది. 2006లో 'గూగుల్' అనే క్రియ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కింది. దాని భూతకాలం ఏమిటని ఎవరికీ సందేహం రాలేదు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు అసలు భాషలోనే లేని క్రియలను కల్పించి చిన్న పిల్లలను అడిగినప్పుడు, వారిలో చాలామంది 'రిక్' అనే ఉత్తుత్తి క్రియకు కూడా తడుముకోకుండా 'రిక్ట్' అన్నారు. ఆ మాట వాళ్లు ఎక్కడా విని ఉండరు. సూత్రం అప్పటికే వంటబట్టింది కాబట్టే అనగలిగారు.

ఇక ఉచ్చారణ. రాతలో ఈడీ ఒక్కటే అయినా పలుకులో అది మూడు వేషాలు వేస్తుంది. 'వాక్ట్', 'హెల్ప్ట్', 'వాష్ట్', 'లాఫ్ట్' అనే మాటల్లో అది 'ట్'. 'కాల్డ్', 'రబ్డ్', 'లవ్డ్', 'ప్లేడ్' అన్నప్పుడు 'డ్'. 'వాంటిడ్', 'నీడిడ్', 'స్టార్టిడ్' అన్నప్పుడు మాత్రమే మధ్యలో ఒక అచ్చు వస్తుంది. దీనికి పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు. గొంతు మీద వేలు పెట్టి 'ప్' అంటే కంపనం ఉండదు, 'బ్' అంటే ఉంటుంది. కంపనం లేని ధ్వని తర్వాత కంపనం లేని 'ట్', ఉన్న ధ్వని తర్వాత కంపనం ఉన్న 'డ్' చేరతాయి. క్రియ చివర ఇప్పటికే 'ట్' గానీ 'డ్' గానీ ఉంటే ఒకే రకం ధ్వనులు రెండు పక్కపక్కన ఇమడవు కాబట్టి అచ్చు వచ్చి వాటిని విడదీస్తుంది.

ఇదేదో తెలుగు చెవికి కొత్త విషయం కాదు. పరుషాలు, సరళాలు అని బడిలో చెప్పుకున్నది ఈ తేడా గురించే. 'సత్' పక్కన 'కారం' చేరితే 'సత్కారం' అవుతుంది. అదే 'భావం' చేరితే 'సద్భావం' అవుతుంది. గొంతు మోగని 'క' పక్కన 'త్' అలాగే ఉంది, మోగే 'భ' పక్కన 'ద్'గా మారింది. సత్కారానికీ సద్భావానికీ ఉన్న తేడాయే 'వాక్ట్'కూ 'కాల్డ్'కూ ఉన్నది. ఇక్కడ వెనకది ముందుదాన్ని మారుస్తుంది, ఇంగ్లీషులో ముందుది వెనకదాన్ని మారుస్తుంది. 'జశ్త్వ సంధి' పేరుతో పదో తరగతి వరకు కుస్తీ పట్టినవారికి ఇంగ్లీషు తరగతిలో ఈ ముక్క ఒక్కసారి చెబితే ఎంత తేలికవుతుందో! రెండు తరగతుల మధ్య గోడ ఉండటం వల్ల చెప్పేవారు దొరకరు.

మరి 'వాకెడ్', 'హెల్పెడ్' అనే ఉచ్చారణ ఎక్కడిది? ఒక కారణం రాత. అక్షరం కనిపిస్తే పలకడం తెలుగు లిపి నేర్పిన అలవాటు. రెండోది, తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటే నోటికి హాయి. రెండు హల్లులు చివరన గుద్దుకోవడం తెలుగు నాలుకకు సుఖంగా ఉండదు కాబట్టి నడుమ ఒక అచ్చును జారవిడుస్తుంది. విచిత్రమేమిటంటే కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు కూడా ఆ అచ్చును పలికేవారు. అది రాలిపోతున్న రోజుల్లో గగ్గోలు పెట్టినవాడు రచయిత జొనాథన్ స్విఫ్ట్. 1712లో ఇంగ్లీషును సంస్కరించాలంటూ ప్రచురించిన ప్రతిపాదనలో 'డిస్టర్బ్డ్', 'రిబ్యూక్డ్' వంటి పలుకుబళ్లలో హల్లులు గరుకుగా రాసుకుంటున్నాయని మండిపడ్డాడు. లోకం వినలేదు. 'నేకిడ్', 'వికిడ్' వంటి కొన్ని విశేషణాల్లో మాత్రం పాత అచ్చు బతికి ఉంది. కోర్టులో ఎదుటి వకీలును 'లెర్నిడ్ ఫ్రెండ్' అనడం కూడా అలాంటిదే. నేర్చుకున్నాడు అనే క్రియగా అయితే అది 'లెర్న్డ్', పండితుడు అనే విశేషణంగా 'లెర్నిడ్'. కాబట్టి 'హెల్పెడ్' అనేవారు తప్పు పలుకుతున్నారనడం కంటే మూడు శతాబ్దాలు ఆలస్యంగా పలుకుతున్నారనడం న్యాయం. ఇంటర్వ్యూ చేసే అధికారికి ఈ వాదన నచ్చుతుందని మాత్రం హామీ లేదు.

స్పెల్లింగు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. చివర 'ఈ' ఉంటే ఒక్క 'డీ' చాలు. హల్లు తర్వాత 'వై' ఉంటే అది 'ఐ'గా మారుతుంది, 'స్టడీ' విషయంలో జరిగేది అదే. 'ప్లే'లో 'వై'కి ముందు అచ్చు ఉంది కాబట్టి మారదు. 'స్టాప్'లో 'పీ' రెండవుతుంది. కాస్త చిక్కున్నది రెండుసార్లు అచ్చు పలికే క్రియల్లోనే. ఊనిక, అంటే ఒత్తి పలకడం, చివర పడే 'అడ్మిట్'లో 'టీ' రెండవుతుంది, ఊనిక మొదట పడే 'విజిట్'లో కాదు. ఈ లెక్కన 'ట్రావెల్'లో 'ఎల్' ఒకటే ఉండాలి, అమెరికావారు అలాగే రాస్తారు. బ్రిటిష్ పద్ధతిని అనుసరించే మన పాఠ్యపుస్తకాలు రెండు రాస్తాయి. రెండూ ఒప్పే, ఒకే ఉత్తరంలో రెండూ కలపకపోతే చాలు.

ఇప్పుడు మొదటి వాక్యంలోని 'లిఫ్ట్ చేయలేదు' దగ్గరికి రావచ్చు. 'నడిచాడు' అనే మాటను కాదనాలంటే తెలుగులో 'నడవలేదు' అంటారు. 'నడిచలేదు' అనరు. భూతకాలపు రూపం అక్కడ మాయమైంది. క్రియ 'నడవ' అనే మూలరూపానికి వెళ్లిపోయింది, జరగలేదన్న సంగతంతా 'లేదు' మోస్తోంది. పైగా ఏడు రూపాలూ కరిగి ఒక్కటయ్యాయి. నేను నడవలేదు, వాళ్లు నడవలేదు, ఆవిడ నడవలేదు. ఇంగ్లీషు 'డిడ్ నాట్ వాక్' చేసేదీ ఇదే. భూతకాలం 'డిడ్' మీదికి వెళ్లింది, 'వాక్' ఖాళీ చేతులతో నిలబడింది. 'డిడ్ నాట్ వాక్ట్' అనడం తెలుగులో 'నడిచాడు లేదు' అనడం లాంటిది. సొంత భాషలో చెవికి ముల్లులా గుచ్చుకునేది పరాయి భాషలో గుచ్చుకోకపోవడానికి కారణం, ఆ రెంటినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూపకపోవడమే.

ప్రశ్నకూ ఇదే దారి. 'కాల్ చేశావా?' అన్నప్పుడు 'కాల్' కదలదు, 'చేశావా' ప్రశ్నను మోస్తుంది. 'డిడ్ యు కాల్?' అందులో ప్రతి ముక్కకూ జోడీ దొరుకుతుంది. ఒత్తి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా అంతే. 'నడవడమైతే నడిచాడు కానీ సగం దారిలో ఆగిపోయాడు' అనే చోట ఇంగ్లీషు 'డిడ్ వాక్' అంటుంది. మామూలు వాక్యంలో మాత్రం 'డిడ్' ఉండదు, దాని పాత అవశేషమని చాలామంది భావించే ఈడీ ఉంటుంది. రెండింటిలో ఏదో ఒకటే పనిలో ఉంటుందని గుర్తుంటే ఈ తప్పు తిరిగి రాదు.

అసలు కష్టం వాడుకలో ఉంది. తెలుగు 'చేశాడు' అనే ఒక్క రూపం ఇంగ్లీషులోని రెండు రూపాల పని చేస్తుంది. 'ఫారం మీద సంతకం చేశాను' అనే వాక్యం తీసుకుంటే, సోమవారం ఏం చేశారని అడిగినప్పుడు చెప్పిన జవాబైతే 'ఐ సైన్డ్'. బల్ల మీదున్న ఫారం చూపిస్తూ ఇక తీసుకెళ్లవచ్చని చెప్పడమైతే 'ఐ హ్యావ్ సైన్డ్'. మొదటిది కథలో ఒక సంఘటన, రెండోది ఇప్పటి పరిస్థితి గురించిన సమాచారం. తెలుగులో ఈ తేడా లేదని కాదు, అది క్రియ రూపంలో కనిపించదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని 'భోజనం చేశారా?' అని అడిగితే గతం మీద కుతూహలంతో అడిగినట్టు కాదు. ఇప్పుడు ఆకలిగా ఉందా, వడ్డించాలా అని తెలుసుకోవడానికి అడిగినట్టు. 'మొన్న పెళ్లిలో భోజనం చేశారా?' అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి ఇంగ్లీషులో 'హ్యావ్' కావాలి, రెండోదానికి 'డిడ్' కావాలి.

దీని నుంచి ఒక చిన్న పరీక్ష తయారు చేసుకోవచ్చు. తెలుగు వాక్యంలో నిన్న, మొన్న, పోయిన ఏడాది, పొద్దున ఎనిమిదింటికి వంటి మూసేసిన కాలం మాట ఉంటే, లేదా పెట్టినా అర్థం చెడకపోతే, మామూలు ఈడీ రూపం. ఆ మాట పెట్టగానే వాక్యం ఉద్దేశం దెబ్బతింటే 'హ్యావ్'. 'ఐ హ్యావ్ కాల్డ్ యు యెస్టర్డే' అనేది ఈ పరీక్షలో తప్పుతుంది. 'హ్యావ్' ఇప్పటి సంగతి అంటోంది, చివరి మాట నిన్నటిది అంటోంది. అమెరికన్ వాడుకలో 'ఇప్పుడే', 'ఇప్పటికే' వంటి మాటల పక్కన కూడా మామూలు భూతకాలాన్ని వాడతారు, అక్కడి తెలుగు పిల్లలు అలా మాట్లాడితే దిద్దనక్కర్లేదు.

'పదేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను' అనేది దీనికి ఎదురు చిక్కు. తెలుగుకు ఇది వర్తమానమే, ఎందుకంటే ఇంకా ఉంటున్నాడు కదా. ఇంగ్లీషు మాత్రం గడిచిన పదేళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది కాబట్టి 'హ్యావ్ లివ్డ్' లేదా 'హ్యావ్ బీన్ లివింగ్'. 'పదేళ్లు హైదరాబాదులో ఉన్నాను' అని ఊరు విడిచినవాడు చెబితే అప్పుడు 'లివ్డ్'. ఉద్యోగ దరఖాస్తులో ఈ రెండూ తారుమారైతే మనిషి ఉన్న ఉద్యోగం మానేసినట్టు అర్థం వస్తుంది.

జరుగుతూ ఉన్న పనికి ఇంగ్లీషు 'వాజ్ వాకింగ్' అంటుంది. తెలుగులో 'నేను వెళ్లేటప్పటికి ఆయన నడుస్తున్నాడు' అంటే సరిపోతుంది. 'వెళ్లేటప్పటికి' అనే మాట గతాన్ని స్థిరపరిచింది కాబట్టి క్రియ మళ్లీ గతంలోకి వెళ్లనక్కర్లేదు. ఇంగ్లీషు అలా ఊరుకోదు, వాక్యంలోని రెండు క్రియలూ గతంలోనే ఉండాలంటుంది. చెప్పిన మాటను తిరిగి చెప్పేటప్పుడూ ఇదే పట్టింపు. 'బ్యాంకులో పని చేస్తున్నానని చెప్పాడు' అనే వాక్యంలో తెలుగు అతని మాటను అతని నోటి కాలంలోనే ఉంచుతుంది. ఇంగ్లీషు చెప్పిన కాలాన్ని బట్టి లోపలి క్రియను కూడా వెనక్కి జరిపి 'వర్క్ట్' అంటుంది. దాని అర్థం ఉద్యోగం పోయిందని కాదు.

'హ్యాడ్' దగ్గర భారతీయుల ఇంగ్లీషుకు ఒక ప్రత్యేకమైన వ్యామోహం ఉంది. 'ఐ హ్యాడ్ విజిటెడ్ తిరుపతి లాస్ట్ మంత్' అనే వాక్యం తరచూ వినిపిస్తుంది. గతం కాస్త దూరమైతే 'హ్యాడ్' పెట్టాలన్న భ్రమ దీనికి మూలం. హిందీలో 'గయా థా' వాడే తీరు కూడా దీన్ని పెంచింది. పాత గైడ్లలో 'నడిచియుంటిని' అని ఇచ్చే అనువాదం ఎవరికీ ఉపయోగపడలేదు, ఎందుకంటే ఆ రూపంలో ఎవరూ మాట్లాడరు. 'హ్యాడ్' చెప్పేది దూరం గురించి కాదు, వరస గురించి. గతంలో రెండు సంఘటనలు ఉండి, ముందు జరిగింది ఏదో తేల్చాల్సి వచ్చినప్పుడే దాని అవసరం. దీనికి తెలుగులో చక్కని జోడీ ఉంది: 'మేము చేరేసరికి వాన ఆగిపోయింది'. '-సరికి', 'పోయింది' కలిసి చేసిన పనిని ఇంగ్లీషులో 'హ్యాడ్ స్టాప్ట్' చేస్తుంది. అక్కడ ఉత్త 'స్టాప్ట్' వాడితే, వీళ్లు చేరగానే వాన ఆగిందన్న అర్థం వచ్చి, వరుణుడు వీళ్ల కోసమే ఎదురు చూస్తున్నట్టు ఉంటుంది. పోయిన నెల తిరుపతి వెళ్లొచ్చిన మాట ఒక్కటే చెప్పాలంటే ఉత్త 'విజిటెడ్' చాలు.

అలవాటును చెప్పే 'నడిచేవాడు' అనే రూపం మాత్రం తెలుగు ఇచ్చిన వరం. 'రోజూ కాలవ గట్టున నడిచేవాడు' అంటే 'యూజ్డ్ టు వాక్' లేదా 'వుడ్ వాక్'. చాలామంది దీన్ని 'వాజ్ వాకింగ్' అనేస్తారు, అది ఒకానొక క్షణంలో నడక సాగుతోందని చెప్పడమే. ఇంకా లోతుగా చూస్తే 'నడిచేవాడు' చేసే రెండో పని కూడా 'వుడ్' చేస్తుంది. 'బస్సు లేకపోతే నడిచేవాడు' అన్నప్పుడు నడక అసలు జరగకపోయి ఉండవచ్చు. జరిగిన అలవాటుకూ జరగని ఊహకూ ఒకే రూపం వాడటం ఈ రెండు భాషలూ ఒకదానికొకటి తెలియకుండా చేసుకున్న ఏర్పాటు.

భూతకాలం గతానికే పరిమితమనుకోవడం పొరపాటని ఇలాంటి చోట్ల తెలుస్తుంది. 'మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను' అనేవాడు ఆ కోరిక వదులుకోలేదు, ఇప్పుడే అడగబోతున్నాడు. గతంలోకి ఒక అడుగు వెనక్కి వేయడంలో మర్యాద ఉంది. ఇంగ్లీషు 'ఐ వాంటిడ్ టు ఆస్క్' కూడా అంతే. 'ఇఫ్ ఐ లివ్డ్ దేర్' అన్నప్పుడు ఆ ఈడీ గతాన్ని చెప్పదు, తాను అక్కడ లేడన్న నిజాన్ని చెబుతుంది. ఒక్క చోట మాత్రం తెలుగు ధైర్యం ఇంగ్లీషుకు లేదు. ఇంకా ఇంట్లోనే చెప్పులు వెతుక్కుంటూ ఫోనులో 'ఇదిగో, వచ్చేశాను' అనడం తెలుగు భూతకాలానికే చెల్లింది. దాన్ని ఈడీ రూపంలోకి మార్చబోతే ఎదుటివాడు తలుపు తీసి చూస్తాడు.

చివరగా, ఈడీ ఉన్న ప్రతి మాటా భూతకాలం కాదు. 'మినిస్టర్ అరెస్టెడ్' అనే పత్రికా శీర్షిక చూసి మంత్రి ఎవరినో అరెస్టు చేశారనుకునే కొత్త పాఠకులు ఉంటారు. అక్కడ 'వాజ్' అనే మాట చోటు చాలక పోయింది. మిగిలింది కర్మణి రూపం. తెలుగు ఈ రెంటినీ సహాయక్రియతో విడదీస్తుంది: పోలీసులు అరెస్టు చేశారు, మంత్రి అరెస్టు అయ్యారు. ఇలాంటి శీర్షికలో 'చేశారు' అని తోస్తే భూతకాల క్రియ, 'అయ్యారు' అని తోస్తే ముందు ఎక్కడో 'వాజ్' దాక్కుని ఉందని అర్థం. మాటలు అరువు తెచ్చుకోవడంలో తెలుగు ఈ లెక్కను ఎంత నిక్కచ్చిగా పాటిస్తుందో 'రిటైర్' చూపిస్తుంది. 'హెడ్మాస్టరు గారు పోయిన నెల రిటైర్ అయ్యారు' అంటారు, 'రిటైర్డ్ హెడ్మాస్టరు' అంటారు. క్రియ అయినప్పుడు ఈడీ ఊడిపోయింది, విశేషణం అయినప్పుడు అతుక్కుని వచ్చింది. 'మిస్డ్ కాల్'లోని ఈడీ మాత్రం చాలామంది నోట 'మిస్ కాల్' అయింది. అందులో తెలుగువారి తప్పేమీ లేదు. 'మిస్ట్'లోని 'ట్' వెనకే 'క్' వచ్చి పడితే ఇంగ్లీషువాళ్లు కూడా ఆ 'ట్'ను సగం మింగేస్తారు, ఐస్‌క్రీం కూడా ఒకప్పుడు ఐస్డ్ క్రీమే. రాసేటప్పుడు మాత్రం ఆ రెండక్షరాలూ ఉండాలి.